దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్న పిల్లల్లో పోషణలోపాన్ని అంచనా వేయడం: ఖతార్ సందర్భం

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్న పిల్లల్లో పోషణలోపం తరచుగా కనిపిస్తుంది. అయినా దాన్ని పట్టుకోవడం కష్టం. ఒంట్లో నీరు చేరుతూ ఉంటే తూకంలో బరువు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది, ఆ చాటున కండ కరిగిపోతుంది. వాపు వచ్చిన ముఖం చూసి బిడ్డ ఒళ్లు చేశాడని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. రక్తపరీక్షలో ఆల్బుమిన్ తగ్గితే తిండి చాలడం లేదనుకుంటారు. అసలు కారణం మూత్రంలో పోతున్న ప్రోటీనో, ఎక్కడో ముదురుతున్న ఇన్‌ఫెక్షనో కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో నిజం చెప్పే ప్రతి కొలతనూ ఈ జబ్బు ఏదో ఒక వైపుకు లాగేస్తుంది. కాబట్టి ఇక్కడ పోషణ అంచనా అంటే కొన్ని కొలతలను కలిపి, నెలల తరబడి వరుసగా చదివి, ఏ కొలతను జబ్బు ఎటు వంచిందో ఆలోచించి చేసే నిర్ణయం.

ఖతార్ లాంటి సంపన్న దేశంలో ఈ విషయం ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ ఈ పిల్లలు చిక్కిపోవడానికి ఇంట్లో తిండి లేకపోవడం కారణం కాదు. పళ్లెం నిండా ఉన్నా తినబుద్ధి కాకపోవడం, తిన్నది ఒంటబట్టకపోవడం, ఇది తినకూడదు అది తినకూడదు అన్న ఆంక్షలు పేరుకుపోవడం ఇందుకు కారణాలు. దోహాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

వ్యాధి, దాని దశలు

కిడ్నీల నిర్మాణంలోగానీ పనితీరులోగానీ లోపం మూడు నెలలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తద్రవాన్ని వడకడుతున్నాయో చెప్పే అంకె జీఎఫ్ఆర్. కేడిగో సంస్థ 2012 మార్గదర్శకాలు రెండేళ్లు దాటిన పిల్లలకు ఈ అంకె ఆధారంగా అయిదు దశలు చెప్పాయి. 90, అంతకు పైన ఉంటే మొదటి దశ. 60 నుంచి 89 రెండో దశ. మూడో దశను 45 దగ్గర రెండు ముక్కలు చేశారు. 15 నుంచి 29 నాలుగో దశ. 15 కన్నా తగ్గితే అయిదో దశ, అంటే డయాలిసిస్, కిడ్నీ మార్పిడి గురించి ఆలోచించాల్సిన దశ.

పిల్లల్లో జీఎఫ్ఆర్‌ను ఎక్కువగా 2009 నాటి ష్వార్ట్జ్ సూత్రంతో కడతారు. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, రక్తంలోని క్రియాటినిన్‌తో భాగించాలి. 110 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డకు క్రియాటినిన్ 1.2 ఉంటే జీఎఫ్ఆర్ సుమారు 38 వస్తుంది. కొన్నాళ్లకు అదే బిడ్డకు క్రియాటినిన్ 1.0కి దిగితే లెక్క 45 దాటుతుంది. కాగితం మీద జబ్బు ఒక మెట్టు తగ్గినట్టే. అయితే క్రియాటినిన్ పుట్టేది కండరాల్లో. బిడ్డ కండ కరిగినా ఆ అంకె దిగుతుంది. అంటే పోషణలోపం తాను కనిపించకపోవడమే కాకుండా, కిడ్నీ ఎంత దెబ్బతిన్నదీ కనిపించకుండా చేయగలదు. కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి పరీక్ష ఇలాంటి చోట అక్కరకు వస్తుంది. క్రియాటినిన్ తగ్గిందని సంబరపడే ముందు బిడ్డ జబ్బ చుట్టుకొలత చూడాలి. ఈ వ్యాసంలో చెప్పే అన్నిటిలోకీ ఎక్కువమంది మరిచిపోయేది ఇదే కావచ్చు.

పెద్దల్లో మధుమేహం, రక్తపోటు కిడ్నీలను దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బు గురించి తెలుగు పాఠకులకు తెలిసిందే. అది ప్రధానంగా పెద్దల వ్యాధి. పిల్లల దారి వేరు. వాళ్లలో ఎక్కువ శాతం పుట్టుకతో వచ్చే నిర్మాణ లోపాలు. కిడ్నీ చిన్నదిగా ఏర్పడటం, మూత్రం వెనక్కి తన్నడం, మగశిశువుల మూత్రనాళంలో పొర అడ్డుపడటం లాంటివి. గర్భంలో అయిదో వారం ప్రాంతంలో అసలు కిడ్నీ రూపుదిద్దుకోవడం మొదలై, సుమారు 36 వారాలకు వడపోత గుళికల తయారీ ముగుస్తుంది. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. దోహాలోని సిద్రా మెడిసిన్ ఆస్పత్రి ముందు డేమియన్ హర్స్ట్ చెక్కిన 14 కంచు శిల్పాలు పిండం నుంచి శిశువు దాకా సాగే ప్రయాణాన్ని చూపిస్తాయి. పిల్లల కిడ్నీ జబ్బుల్లో చాలా భాగం ఆ శిల్పాల వరుస మధ్యలోనే మొదలైపోయి ఉంటుంది.

ఖతార్: పిల్లలు, ఆస్పత్రులు, కుటుంబాలు

2020 జనగణన ప్రకారం ఖతార్ జనాభా 28 లక్షల 46 వేలు. అందులో ఖతారీలు కొద్దిభాగమే. విదేశీయుల్లో భారతీయులది పెద్ద సమూహం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లిన కార్మికుల్లో ఎక్కువమంది ఒంటరిగానే ఉంటారు. కుటుంబ వీసాకు నిర్ణీత జీతం చూపించాలి కాబట్టి, దోహాలో పెరిగే తెలుగు పిల్లలు ఎక్కువగా ఉద్యోగుల ఇళ్లలోని వారు.

ప్రభుత్వ వైద్యానికి వెన్నెముక 1979లో ఏర్పడ్డ హమద్ మెడికల్ కార్పొరేషన్. స్త్రీలు, పిల్లల కోసం ఎడ్యుకేషన్ సిటీ దగ్గర కట్టిన సిద్రా మెడిసిన్ 2018 జనవరిలో పూర్తి స్థాయి ఆస్పత్రిగా తెరుచుకుంది. పిల్లల కిడ్నీ వైద్యం, డయాలిసిస్ అక్కడ అందుతున్నాయి. ఊళ్లలో, పేటల్లో తొలి పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ కార్పొరేషన్ కేంద్రాల్లో జరుగుతాయి. చంటిబిడ్డ బరువు, ఎత్తు, తల చుట్టుకొలత మొదట నమోదయ్యేది టీకాల కోసం వెళ్లే ఇలాంటి కేంద్రాల్లోనే. కిడ్నీ జబ్బు బయటపడక ముందే ఎదుగుదల గీత కిందికి వంగడం అక్కడ కనిపించే అవకాశం ఉంది.

ఖతారీలనూ తెలుగువాళ్లనూ కలిపే విషయం ఒకటి ఉంది. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఖతారీ వివాహాల్లో 54 శాతం దగ్గరి బంధువుల మధ్య జరిగినవని లెక్కగట్టింది. మేనమామనో మేనబావనో చేసుకునే మేనరికం మన తెలుగు జిల్లాల్లోనూ తరతరాలుగా ఉన్నదే. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు బిడ్డకు చేరితే వచ్చే కిడ్నీ జబ్బులు రెండు చోట్లా తక్కువ కాదు. నెఫ్రోనోఫ్తిసిస్, సిస్టినోసిస్, ప్రైమరీ హైపరాక్సలూరియా, పుట్టుకతో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఇందులోకి వస్తాయి. సిస్టినోసిస్ ఉన్న బిడ్డ కిడ్నీలు ఉప్పును, నీటిని నిలుపుకోలేవు. అలాంటి బిడ్డ దాహంతో నీళ్లు తాగుతూనే ఉంటాడు, ఉప్పటివాటి కోసం తహతహలాడతాడు, ఎదుగుదల ఆగిపోతుంది. అన్నం వద్దని ఊరగాయ మాత్రమే నాకే బిడ్డను గారాబం ఎక్కువైందని తిట్టే ముందు ఒకసారి మూత్రపరీక్ష చేయించడం మంచిది.

ఎందుకు చిక్కిపోతారు

కిడ్నీలు వడకట్టలేని వ్యర్థాలు రక్తంలో పేరుకుంటే నోటి రుచి మారుతుంది, వికారం పుడుతుంది, ఆకలి చచ్చిపోతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ లాంటి హార్మోన్లు కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. పోక నిలిచిపోతే మెదడుకు అస్తమానం తిన్నట్టే ఉంటుంది. శిశువుల్లో కడుపులోది పైకి తన్నడం, వాంతులు సర్వసాధారణం. మూత్రం ఎక్కువగా పోయే బిడ్డ నీళ్లతోనే కడుపు నింపుకుంటాడు, పాలకు చోటుండదు. రోజుకు నాలుగైదు రకాల మందులు మింగాక అన్నం ముద్ద చూస్తేనే మొహం తిప్పుకునే పిల్లలున్నారు.

తిన్నా సరిపోని కారణాలు మరోవైపు ఉన్నాయి. రక్తంలో ఆమ్లత పెరిగితే కండరాల్లోని ప్రోటీన్ విరిగిపోవడం వేగం అందుకుంటుంది. అందుకే బైకార్బనేట్ 22కు తగ్గకుండా చూస్తారు. ఒంట్లో సన్నగా సాగే వాపు ప్రక్రియ వల్ల ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు కండను తినేస్తాయి. ఎదుగుదల హార్మోన్ రక్తంలో ఉన్నా శరీరం దాని మాట వినదు. హీమోడయాలిసిస్‌లో అమైనో ఆమ్లాలు, కడుపులో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలిసిస్‌లో ప్రోటీన్లు బయటికి పోతాయి. ఇలా కరిగే కండను తిండి పెంచినంత మాత్రాన పూర్తిగా తిరిగి తేలేం. అందుకే 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి ప్రోటీన్–శక్తి క్షీణత అనే ప్రత్యేకమైన పేరు పెట్టింది. తక్కువ తినడం వల్ల వచ్చే లోపం ఒక పాయ, జబ్బే కండను కరిగించడం ఇంకో పాయ. ఒకే బిడ్డలో రెండూ కలిసే ప్రవహిస్తాయి. ఏది ఎంత అని విడదీసి చూడటం అంచనాలో అతి కష్టమైన భాగం.

వైద్యం వల్ల వచ్చే లోపం ఇంకొకటి ఉంది. పొటాషియం అని పండు ఆపేస్తారు, ఫాస్ఫరస్ అని పాలు, పెరుగు తగ్గిస్తారు, ఉప్పు వద్దంటారు, నీళ్లు కొలిచి ఇస్తారు. ప్రతి ఆంక్షకూ దాని కారణం ఉంటుంది. అన్నీ ఒకే పళ్లెం మీద పడితే ఆ పళ్లెంలో బిడ్డ ఇష్టపడి తినేది ఏమీ మిగలదు. పెద్దలకు చెప్పినట్టు ప్రోటీన్ తగ్గించమని పిల్లలకు చెప్పడం పెద్ద పొరపాటు. పిల్లల కిడ్నీ పోషణపై పనిచేసే అంతర్జాతీయ కార్యదళం 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం, ఈ పిల్లలకు అదే వయసు ఆరోగ్యవంతులకు కావలసినంత శక్తి అందాలి. ప్రోటీన్ ఆ వయసుకు చెప్పిన పరిధిలో పై అంచున ఉండాలి. డయాలిసిస్‌లో పోయేదాన్ని అదనంగా భర్తీ చేయాలి. ఉప్పు పోగొట్టుకునే రకం కిడ్నీ జబ్బున్న శిశువుకు ఉప్పు తగ్గించడం కాదు, మందులా ఇవ్వాల్సి రావచ్చు.

కొలతల చరిత్ర, క్లుప్తంగా

పోషణను కొలవడం ఆకలి ఉన్న చోట్ల పుట్టిన విద్య. మెక్సికోలో గోమెజ్ 1956లో వయసుకు తగ్గ బరువుతో పోషణలోపాన్ని మెట్లుగా విభజించాడు. జెలిఫ్ 1966లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన పుస్తకం కొలతల పద్ధతులను ఒకచోట చేర్చింది. గిడసబారడాన్నీ చిక్కిపోవడాన్నీ వేరుచేసి చూడాలని వాటర్లో 1972లో చెప్పాడు. జబ్బకు చుట్టే రంగుల టేపు గురించి 1974లో రాసినవారిలో ఒకరైన షాకిర్ బాగ్దాద్ వైద్యుడు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదేళ్ల లోపు పిల్లలకు ఎదుగుదల ప్రమాణాలు విడుదల చేసింది. ఆరు దేశాల పిల్లలను కొలిచి వాటిని తయారు చేశారు. ఆ ఆరింటిలో భారతదేశం నుంచి దక్షిణ ఢిల్లీ, గల్ఫ్ నుంచి ఒమన్‌లోని మస్కట్ ఉన్నాయి. దోహాలో పెరిగే తెలుగు బిడ్డను ఆ పటం మీద పెట్టి చూడటానికి సందేహించనక్కర్లేదు. అయిదు నుంచి 19 ఏళ్ల దాకా 2007 నాటి పటాలు వాడతారు.

ఎత్తు

కిడ్నీ పిల్లల్లో అన్నిటికన్నా నమ్మదగ్గ కొలత ఎత్తు. నీరు పట్టినా ఎత్తు పెరగదు. ఎత్తు తగ్గుదల ప్రాణాపాయంతోనూ ముడిపడి ఉందని తెలుసు. కిడ్నీలు పూర్తిగా విఫలమైన అమెరికా పిల్లలపై 2000లో వచ్చిన అధ్యయనంలో, ఎత్తు ఒక జెడ్ స్కోరు తగ్గినకొద్దీ మరణ ప్రమాదం 14 శాతం పెరిగింది. జెడ్ స్కోరు అంటే అదే వయసు, అదే లింగం పిల్లల సగటు నుంచి ఈ బిడ్డ ఎన్ని మెట్లు దూరంలో ఉన్నాడన్న లెక్క. మైనస్ రెండు దాటితే గిడసబారినట్టు, మైనస్ మూడు దాటితే తీవ్రంగా గిడసబారినట్టు.

రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆపైన నిలబెట్టి. పడుకోబెట్టిన కొలతకు, నిలబెట్టిన కొలతకు సుమారు 0.7 సెంటీమీటర్ తేడా ఉంటుంది. ఒకసారి అలా ఒకసారి ఇలా కొలిస్తే ఎదుగుదల ఆగిపోయిందన్న అపోహ రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసు సర్దుబాటు చేయాలి. ఒక్క కొలత కన్నా రెండు కొలతల మధ్య పెరుగుదల వేగం ఎక్కువ చెబుతుంది. తల్లిదండ్రులిద్దరూ పొట్టివాళ్లయితే బిడ్డ పొట్టితనాన్ని పూర్తిగా జబ్బు మీద నెట్టలేం. వేగం మాత్రం తగ్గకూడదు.

శిశుదశ మీద ప్రత్యేక శ్రద్ధ కావాలి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న బిడ్డ మొదటి ఏడాదిలోనే మరో 25 సెంటీమీటర్లు పెరుగుతాడు, రెండో ఏట సుమారు 12. ఈ కాలంలో ఎదుగుదలను నడిపేది ప్రధానంగా తిండే. హార్మోన్ల పాత్ర తర్వాత పెరుగుతుంది. ఇక్కడ పోగొట్టుకున్న సెంటీమీటర్లను తర్వాత రాబట్టుకోవడం కష్టం. అందుకే శిశువులను నెలకోసారి, అవసరమైతే రెండు వారాలకోసారి కొలవాలంటారు. జబ్బు తొలి దశల్లో ఉన్న పెద్ద పిల్లలకు మూడు నుంచి ఆరు నెలలకోసారి చాలు. మూడేళ్ల దాకా తల చుట్టుకొలత కూడా చూడాలి, మెదడు ఎదుగుదలకు అది గుర్తు.

బరువు, నీరు, ఎండ

బరువు చూసేటప్పుడు మొదటి ప్రశ్న: ఇందులో నీరెంత? డయాలిసిస్ పిల్లలకు అదనపు నీరు తీసేశాక మిగిలే బరువును డ్రై వెయిట్ అంటారు, పోషణ లెక్కలు దాని మీదే వేయాలి. పెరిటోనియల్ డయాలిసిస్ బిడ్డను కడుపులో ద్రవం ఖాళీ చేశాక తూచాలి. అసలు చిక్కేమిటంటే, బిడ్డ కండ కరిగిపోతున్నా డ్రై వెయిట్‌ను పాత అంకె దగ్గరే ఉంచితే కండ పోయిన చోట నీరు చేరుతుంది. తూకం అదే చూపిస్తుంది, రక్తపోటు మెల్లగా పెరుగుతుంది. డ్రై వెయిట్‌ను ఎప్పటికప్పుడు తిరగదోడటం పోషణ అంచనాలో భాగమే.

ఖతార్ ఎండాకాలంలో దీనికి వ్యతిరేకమైన మోసం జరుగుతుంది. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజుల్లో, మూత్రంలో ఉప్పు, నీరు ఎక్కువగా పోయే బిడ్డ ఇట్టే ఒరిగిపోతాడు. అప్పుడు బరువు తగ్గితే అది వారం రోజుల నీటి నష్టమా, మూడు నెలల ఆకలి నష్టమా అన్నది నాలుక తడి, రక్తపోటు, గత బరువుల వరుస చూసి తేల్చాలి. రంజాన్‌లో ఇంకో సంగతి. యుక్తవయసు రాని పిల్లలకు ఉపవాసం విధి కాదు, రోగులకు మినహాయింపు ఉంది. అయినా తోటివాళ్లతో పాటు ఉండాలని పట్టుబట్టే పిల్లలుంటారు. ఆ నెల ముందు, తర్వాత తూచి చూడటం, నీళ్లు ఎలా తాగుతున్నాడో అడగడం వైద్యబృందానికి అవసరం.

బరువును ఎత్తుతో కలిపి చూసే బీఎంఐలోనూ మెలిక ఉంది. పదేళ్ల బిడ్డ ఏడేళ్ల బిడ్డంత ఎత్తే ఉంటే, అతని బీఎంఐని పదేళ్లవారితో పోల్చడం అన్యాయం. అతని ఎత్తు ఏ వయసుకు సరిపోతుందో ఆ వయసువారితో పోల్చాలని, కిడ్నీ పిల్లల పోషణపై అమెరికాలో రూపొందిన 2008 కేడీఓక్యూఐ మార్గదర్శకాలు చెబుతాయి. యుక్తవయసు ఛాయలు మొదలైన పిల్లల్లో ఇది సరిగా పనిచేయదు. స్థూలకాయం విస్తరించిన ఖతార్‌లో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. బీఎంఐ మామూలుగా, ఒక్కోసారి ఎక్కువగా ఉన్న బిడ్డ లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. పెరిటోనియల్ డయాలిసిస్ ద్రవంలోని గ్లూకోజ్ కొంత ఒంట్లోకి చేరి కొవ్వుగా మారుతుంది. బొద్దుగా ఉన్నాడు కదా అని పోషణ నిపుణుల దగ్గరికి పంపకపోతే అక్కడే తప్పిపోతాం.

జబ్బ చుట్టుకొలత ఈ ఖాళీని కొంత పూడుస్తుంది. భుజం కొనకు, మోచేతికి సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. డయాలిసిస్ కోసం నరం కలిపిన చేతిని వదిలి రెండో చేతిని కొలవాలి. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు వాడే టేపే ఇది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో ఇది 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్ర లోపం. ఖరీదైన యంత్రాలున్న ఆస్పత్రుల్లో ఈ టేపును చిన్నచూపు చూడటం సరికాదు. జబ్బ వెనుక చర్మపు మడత మందాన్ని కలిపితే కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది ఉజ్జాయింపుగా తెలుస్తుంది, కొలిచే చేతికి అలవాటు కావాలి. ఆరేళ్లు దాటిన పిల్లల్లో పిడికిలి బలం కొలిచే పరికరం కండ పనితీరు చెబుతుంది. ఒంట్లో కొవ్వు, కండ పాళ్లను కొలిచే బయోఇంపిడెన్స్, డెక్సా స్కాన్లు ఉపయోగపడతాయి గానీ, ఒంట్లో నీరు ఎక్కువైతే వాటి లెక్కలూ తప్పుతాయి.

రక్తం చెప్పేది, చెప్పనిది

ఆల్బుమిన్‌ను ఒకప్పుడు పోషణకు అద్దం అనుకున్నారు. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. నీరు పడితే పలచబడుతుంది, ఇన్‌ఫెక్షన్‌లో తగ్గుతుంది, మూత్రంలోనూ పెరిటోనియల్ ద్రవంలోనూ పోతుంది. ప్రీఆల్బుమిన్ త్వరగా మారేదే గానీ కిడ్నీలు పనిచేయకపోతే రక్తంలో నిలిచిపోయి ఎక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ తగ్గితే వాపు ప్రక్రియను పట్టిచ్చే సీఆర్పీ పరీక్ష కూడా చూసి, కారణం ఆ వాపు ప్రక్రియా, మూత్రంలో పోవడమా అని వెతకాలి. హీమోడయాలిసిస్ చేయించుకునే కౌమార పిల్లలకు మాత్రం పనికొచ్చే లెక్క ఒకటుంది. డయాలిసిస్ ముందు, తర్వాత యూరియాతో కట్టే ప్రోటీన్ వినియోగ రేటు అది. కిలోకు రోజుకు ఒక గ్రాము కన్నా తగ్గితే బరువు తగ్గబోతున్నాడన్న హెచ్చరిక. చిన్నపిల్లల్లో ఇది అంతగా పనిచేయదు.

కలిపి చదివే పద్ధతులు

టొరంటోలో సెకర్, జీజీభాయ్ 2007లో పిల్లలకు అనువుగా మలిచిన ఎస్‌జీఎన్ఏ పద్ధతిలో వైద్యులు ఎత్తు, బరువు మార్పు, తిండి, వాంతులు విరేచనాలు, ఆటపాటల్లో హుషారు అడిగి తెలుసుకుంటారు; చెంపల కింద కొవ్వు, భుజాల దగ్గర కండ, కాళ్ల వాపు చేత్తో పరీక్షిస్తారు. చివరికి బాగుందని, మధ్యస్థ లోపమని, తీవ్ర లోపమని తేలుస్తారు. అంకెలతో పాటు అనుభవజ్ఞుల చేయి, కన్ను కూడా లెక్కకొచ్చే ఈ పద్ధతికి విలువ ఉంది.

ప్రోటీన్–శక్తి క్షీణత కొలమానాలు మొదట పెద్దల కోసం తయారైనవి. ఉత్తర అమెరికాలో సాగుతున్న సీకిడ్ అధ్యయనం 2014లో వాటిని 528 మంది పిల్లల మీద ప్రయత్నించింది. ఏ నిర్వచనం వాడారన్నదాన్ని బట్టి 7 నుంచి 20 శాతం పిల్లల్లో క్షీణత కనిపించింది. పొట్టితనం, ఎదుగుదల మందగించడం చేర్చిన నిర్వచనమే ఆస్పత్రి పాలయ్యే ముప్పుతో స్పష్టంగా ముడిపడింది, ఆ ముప్పు రెండింతలకు పైనే. పెద్దల లెక్కలో లేని ఎదుగుదల, పిల్లల లెక్కలో ముఖ్యమైన అంశమని ఇది చూపింది. నిర్వచనం మార్చగానే శాతం దాదాపు మూడింతలు మారడం కూడా గుర్తుంచుకోవాలి. ఒక దేశం అంకెను మరో దేశంతో పోల్చేటప్పుడు ముందు అడగాల్సింది ఏ కొలబద్దతో కొలిచారని.

తిండి లెక్క: దోహాలో తెలుగు వంటిల్లు

కేడీఓక్యూఐ మూడు రోజుల ఆహార పట్టిక రాయించమంటుంది, లేదా మూడుసార్లు గత 24 గంటల్లో ఏం తిన్నదీ అడగమంటుంది. సెలవు రోజు ఒకటి అందులో ఉండాలి. ఖతార్‌లో అంటే శుక్రవారమో శనివారమో. బడిరోజున పెరుగన్నం డబ్బాతో సరిపెట్టుకున్న బిడ్డ శుక్రవారం మజ్బూస్, ఖుబ్జ్, ఖర్జూరాలు, కరక్ చాయ్ మధ్య ఉంటాడు. రెండూ రాయకపోతే పొటాషియం, ఉప్పు ఎక్కడ నుంచి వస్తున్నాయో తెలియదు.

ఖతార్ 2015లో సొంత ఆహార మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణాన్ని దృష్టిలో పెట్టుకున్న తొలి దేశాల్లో అదొకటి. కానీ ఉలవచారు, గోంగూర పప్పు, సర్వపిండి, ఆవకాయ లాంటివాటికి లెక్క కావాలంటే హైదరాబాద్ వైపే చూడాలి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు 528 ఆహారాల పోషకాలను చెబుతాయి. దోహాలోని డైటీషియన్ ఏ దేశంవారైనా కావచ్చు. పప్పుచారు పలచగా ఉందా చిక్కగా ఉందా, అన్నం గరిటెతో ఎన్ని సార్లు వడ్డించారు, ఆవకాయ బద్ద ఎంత అన్నది తల్లే చెప్పాలి. సిగ్గుపడి తగ్గించో, డాక్టరు మెచ్చుకోవాలని పెంచో చెబితే లెక్క మొత్తం తప్పుతుంది. పొటాషియం తగ్గించాల్సిన పిల్లలకు కూరముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయడం తెలిసిన ఉపాయం. కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు ఆరోగ్యమని తాగించడం మాత్రం ఈ పిల్లలకు అపాయం. ప్యాకెట్ తిళ్లలో, కోలాల్లో కలిపే ఫాస్ఫేట్ పప్పుల్లో సహజంగా ఉండే ఫాస్ఫరస్ కన్నా ఎక్కువగా ఒంటికి పడుతుంది. కాబట్టి పప్పు ఆపే ముందు ప్యాకెట్లు ఆపాలి.

వేసవి సెలవుల్లో కుటుంబం ఊరికి వెళ్తుంది, కొందరు ఉద్యోగం పోయి శాశ్వతంగా తిరిగొస్తారు. ఎదుగుదల పటం అప్పుడే తెగిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పిల్లల పోషణను అంచనా వేయడం తేలికేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో గిడసబారినవారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. చుట్టూ పొట్టి పిల్లలే ఉన్నప్పుడు కిడ్నీ జబ్బు వల్ల పొట్టిగా ఉన్న బిడ్డ ప్రత్యేకంగా కనిపించడు. అందుకే దోహాలో ఉన్నప్పటి ఎత్తు, డ్రై వెయిట్, జబ్బ చుట్టుకొలతలను తేదీలతో సహా కాగితం మీద తెచ్చుకోవడం తల్లిదండ్రులు చేయగల పెద్ద సాయం.

తేలాక

లోపం బయటపడితే ముందు ఆమ్లతను, రక్తహీనతను, నీటి ఉప్పుల లెక్కను సరిదిద్దుతారు. ఆంక్షల్లో అక్కర్లేనివి ఎత్తేస్తారు. తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఉండేలా తిండిని మారుస్తారు. నోటితో చాలకపోతే ముక్కు గొట్టంతోనో, పొట్టకు పెట్టే గొట్టంతోనో పాలు ఇస్తారు. గొట్టం అనగానే కుటుంబాలు భయపడతాయి. బిడ్డను బతిమాలుతూ, ఏడిపిస్తూ గంటలు గంటలు తినిపించే బాధ తగ్గాక చాలామంది తల్లులు ఊపిరి పీల్చుకుంటారు. పోషణ సరిచేశాక కూడా ఎత్తు పెరగకపోతే ఎదుగుదల హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అమెరికాలో వాటికి ఈ పిల్లల కోసం 1993లో అనుమతి వచ్చింది. ముందు పోషణ, తర్వాత హార్మోన్ అన్న క్రమం మారకూడదు.

శిశువులకు కిడ్నీ మార్పిడి చేయాలంటే చాలా కేంద్రాలు బరువు సుమారు 10 కిలోలకు చేరేదాకా ఆగుతాయి. కాబట్టి ఒక్కో కిలో పెరగడం శస్త్రచికిత్స తేదీని దగ్గర చేస్తుంది. అవయవదానంలో ఖతార్ అనుసరించే దోహా డొనేషన్ ఒప్పందం అక్కడ నివసించే విదేశీయులను పౌరులతో సమానంగా చూస్తుంది, వలస కుటుంబాలకు ఇది తెలియాల్సిన విషయం. మార్పిడి తర్వాత ఆకలి తిరిగొస్తుంది, స్టెరాయిడ్లు దాన్ని ఇంకా పెంచుతాయి. అప్పటిదాకా బరువు కోసం తపించిన బృందం ఇక కొవ్వు పెరుగుదలను, రక్తపోటును గమనించాలి. అదే టేపు, అదే ఎత్తు కొలబద్ద, అదే పటం. ఈసారి వెతికేది మరో వైపు ఒరుగుదలను.